లోపలి మూల

పొగగొట్టం సందు,
జూన్ 6

వదినకి నమస్కారం.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నీ మోకాలు ఎలా ఉందో పోయిన ఉత్తరంలో రాయలేదు. అమ్మాయినీ అల్లుణ్ణీ అడిగానని చెప్పు.

ఒక సంగతి రాయాలి. నాలుగు రోజులుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను, లేస్తున్నాను.

మన పోత కార్ఖానా మళ్ళీ తెరుస్తారట. అంతా కాదు. పెద్ద షెడ్డు కప్పు కూలిపోయింది, లోపల చెట్లు మొలిచాయి. పక్కన చిన్న షెడ్డు ఉంది చూడు, అది. పేటవాళ్ళు సంఘంగా చేరి తీసుకున్నారు. మన కార్ఖానాలో పోసిన నీళ్ళ పంపులు ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఇంకా తిరుగుతున్నాయట. వాటికి విడిభాగాలు దొరకడం లేదట. చేసిస్తే తీసుకునేవాళ్ళున్నారు. ముందు నలభై మందికి పని. నిలబడితే ఇంకా.

ఇబ్బంది ఒక్కటే. డ్రాయింగులు లేవు, చెక్క అచ్చులు లేవు. అచ్చు లేనిదే ఇసుకలో గుంట పడదు. గుంట లేనిదే ఇనుము ఎక్కడ పోస్తారు. నీకు తెలిసిందే.

పదకొండేళ్ళ కిందట కార్ఖానా మూసిన రోజు, అచ్చులన్నీ పొయ్యిలోకి పంచేయమన్నారు. అచ్చుల గది చూసుకునేవాణ్ణి కదా, పంచింది నేనే. కాల్చకండి, వాడుకోండి అని ఒక్కొక్కరి చెవిలో చెప్పాను. ఒక్కో అచ్చు రెండు సగాలు కదా. పై సగం ఒకరింటికి పోయింది, కింది సగం ఇంకొకరింటికి పోయింది. ఏ సగం ఎక్కడుందో, దేనికేది జతో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ సంగతి వాళ్ళకి తెలిసింది.

అడగడానికి వచ్చింది ఎవరనుకున్నావు? ఈల ఫోర్‌మాన్. సంఘానికి ఆయనే పెద్ద. ఎనభై దాటాయి. కర్ర పట్టుకుని వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

"ఏరా, బతికే ఉన్నావా?" అన్నాడు. ఉన్నానన్నాను.

"అచ్చులు చూపించు. పేట బాగుపడుతుంది" అన్నాడు. గుర్తులేదన్నాను.

"నీకు నోరు లేదు గానీ బుర్ర లేకపోవడమేమిట్రా" అని నవ్వాడు. పళ్ళు కట్టించుకున్నాడు.

ఏం చెప్పమంటావు?

మీ మరిది.

---

అమ్మాయి ఇల్లు,
జూన్ 14

మరిదికి,

నా మోకాలి గొడవ తర్వాత. నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద పాలు పొంగబెట్టాను. అమ్మాయి పరుగెత్తుకొచ్చి "ఏమైందమ్మా?" అంటే, "మీ బాబాయి మంచం మీద ఎవరు కూర్చున్నారో చదువు" అని కాగితం దాని చేతిలో పెట్టాను.

కూర్చోనిచ్చావా? లేవమనలేవు, సరే. మంచం కోడు ఊడిపోయిందని చెప్పినా సరిపోయేది కదా.

ముప్పై ఒక్క ఏళ్ళయింది. నువ్వు మర్చిపోయావేమో గానీ నేను వరసగా చెప్పగలను. పెద్ద చక్రం తిప్పి చూసే రోజున పగిలింది. దాని పోతకి ఇసుక పని చేసిన బొగ్గుల మౌల్డర్ పక్కనే నిలబడి ఉన్నాడు, పోయాడు. విచారణలో ఆ ఈలవాడు ఏమన్నాడు? "చెక్క అచ్చుకి లోపలి మూలల్లో తోలు పట్టీ వేయలేదు. మూల పదునుగా ఉండిపోయింది. ఇనుము అక్కడే బీట తీసింది. తప్పు అచ్చుమేస్త్రిది" అన్నాడు. మీ అన్నది! ఇంట్లో నేను కూర్చునే పీటకు కూడా మూలలు గుండ్రం తీసిన మనిషి. అచ్చు తెచ్చి చూపించండి అని ఆయన అంటే, పొరపాటున చెత్తలో కలిసి కాలిపోయింది అన్నాడు.

మూడో రోజు క్వార్టర్ ఖాళీ చేయించారు. నా గిన్నెలన్నీ వీధిలో. ఆ చివర ఈల మెళ్ళో వేసుకుని వాడు. మోసేవాళ్ళు నెమ్మదిగా మోస్తున్నారని ఊదాడు కూడా. నా సామాను మోయడానికి ఈల! మౌల్డర్ పెళ్ళాం వచ్చి నా ముందు ఉమ్మింది. నేనేమీ అనలేదు. పోయింది ఆమె మొగుడు.

ఈ ఊరొచ్చాక మీ అన్న రంపం ముట్టుకోలేదు. రెండేళ్ళు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "వేశానే. నా చేత్తో అతికించానే" అనేవాడు. వినీ వినీ ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, నిజంగా వేశాడా అని. కట్టుకున్నదాన్ని, నాకే! దానికి కూడా ఆ ఈలవాడే జవాబు చెప్పాలి.

అచ్చులు ఇవ్వకు. ఒక్కటి కూడా ఇవ్వకు. పేట బాగుపడకపోతే మనకేం? మనం బాగుపడ్డామా? అన్నీ పోగేసి కాల్చు. వాడింటి కిటికీలోంచి కనపడేట్టు కాల్చు.

ఒకటి అడుగుతాను. చక్రం అచ్చు కాల్చేశారని అప్పట్లో నువ్వే రాశావు. ఎవరు కాల్చారు? వాడి చేత్తోనా? ఈసారి సరిగ్గా రాయి.

మీ వదిన.

---

పొగగొట్టం సందు,
జూలై 2

వదినకి నమస్కారం.

కాల్చాలన్నా ఎక్కడున్నాయో చూసుకోవాలి కదా. అందుకని పేటంతా తిరిగాను.

క్వార్టర్ల లైనులో అరవై ఇళ్ళకి ఇరవై రెండింట్లోనే మనుషులున్నారు. మిగతావాటికి తలుపులు కూడా పీక్కుపోయారు. మనం ఉన్న ఇంటికి కిటికీ చట్రం మిగిలింది. కొలిమి వీధిలో దుకాణాలు మూడు. ఒకప్పుడు షిఫ్టు వదిలితే ఆ వీధిలో సైకిలు తోసుకుంటూ నడవాల్సి వచ్చేది, గుర్తుందా? ఇప్పుడు నడిమధ్య కుక్క పడుకుంటుంది. లేవదు. దానికి అవసరం లేదు.

అచ్చులు మాత్రం ఉన్నాయి. నేననుకున్నదానికన్నా ఎక్కువే. తాళాలు బాగుచేసే ఆయన ఒకదాని మీద టీవీ పెట్టాడు. ఒక ఇంట్లో పెద్ద పంపు గుల్ల అచ్చు, పై సగం, దూలానికి తాళ్ళతో వేలాడుతోంది. ఉయ్యాల. మూడో బిడ్డట. కింది సగం మంగలి దుకాణంలో ఉంది, వరసకోసం కూర్చునేవాళ్ళకి బెంచీ. దర్జీ ఒక చక్రపు అచ్చు మీద కూర్చుని కుడుతున్నాడు. ఒకసారి లే, చూస్తానన్నాను.

"దీని మీద కూర్చుంటేనే నడుం నిలుస్తుంది పెద్దాయనా. తీసుకుపోతే నా నడుం కూడా తీసుకుపో" అన్నాడు. మళ్ళీ వాడే, "పని వస్తుందంటే మాత్రం తీసుకుపో. మావాడికి చెప్పనా?" అన్నాడు.

అందరూ అదే అడుగుతున్నారు. నేను దగ్గరికి వెళ్తే చాలు, పైనున్నవి దించేసి గుడ్డ పెట్టి తుడుస్తున్నారు. కాల్చడానికి చూస్తున్నానని ఎవరికీ చెప్పలేదు.

ఇంకో మనిషి సంగతి. షెడ్డు పనంతా చూసేది బొగ్గుల మౌల్డర్ కూతురు. తండ్రి పోయేనాటికి దానికి ఐదేళ్ళు. వేరే ఊళ్ళో పెద్ద ఫౌండ్రీలో పని నేర్చుకుని, అది మానుకుని ఇక్కడికొచ్చింది. మనిషి బిగువు. ఫోర్‌మాన్ కుర్చీలో కూర్చుంటాడు, పని ఈమె చేస్తుంది. మొన్న నా ఇంటికి వచ్చింది. గడప దగ్గరే ఆగింది. లోపలికి రమ్మన్నాను.

"మీ అన్న చేసినదానికి మీరేం చేస్తారు. మీ మీద నాకు కోపం లేదు. కూర్చోమని మాత్రం అనకండి" అంది.

నేను అనలేదు.

అల్లుడికి దగ్గు తగ్గిందా?

మీ మరిది.

---

అమ్మాయి ఇల్లు,
జూలై 13

మరిదికి,

అల్లుడి దగ్గు తగ్గింది. నాకే పట్టుకుంది.

నేను ఒక ప్రశ్న అడిగాను. నువ్వు దర్జీ నడుం గురించి రెండు వాక్యాలు రాశావు, కుక్క గురించి మూడు రాశావు. నేను అడిగినదానికి ఒక్కటీ రాయలేదు. నీ సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు కూడా అంతే. బెల్లం ఎవరు తిన్నారంటే ఆకాశంలో మబ్బు పట్టిందనేవాడివి.

ఆ పిల్ల మాట చదివి నాకు తిండి సయించలేదు. "మీ అన్న చేసినదానికి" అందా? నువ్వు విని ఊరుకున్నావు. ఐదేళ్ళ పిల్లకి ఎవరో చెప్పి ఉంటారు, మీ నాన్నని చంపింది ఫలానావాడని. అది ఆ మాట నమిలి నమిలి ముప్పై ఆరేళ్ళదైంది. చంపినవాణ్ణేమో కుర్చీలో కూర్చోబెట్టింది!

కాల్చమని రాశాను. కోపంలో తప్పు చెప్పాను. కాలిస్తే వాడికేం నష్టం, ఎనభై ఏళ్ళవాడికి? "ఆ కుటుంబమే అంత" అని ఇంకో మాట అంటాడు.

ఇలా చెయ్యి. అచ్చులివ్వు. మొదట పోసేది ఏదో కనుక్కో. దానికి లోపలి మూలలో తోలు పట్టీ పీకేసి, మూల పదును చేసి ఇవ్వు. ఏది లేదని మీ అన్న మెడకి చుట్టాడో అది నిజంగానే లేకుండా ఇవ్వు. పేటంతా చూస్తుండగా, వాడు కుర్చీలో నిగిడి కూర్చుని ఉండగా, మొదటి పోత బీట వారాలి. నెత్తిన నీళ్ళు కుమ్మరించినట్టు ఉండాలి వాడికి. అప్పుడు తెలుస్తుంది, నలుగురిలో తల దించుకోవడమంటే ఏమిటో.

నీకు చేతకాకపోతే చెప్పు. ఉలి పట్టుకోవడం నాకూ వచ్చు, అచ్చుమేస్త్రి పెళ్ళాన్ని.

మీ వదిన.

---

పొగగొట్టం సందు,
ఆగస్టు 20

వదినకి,

నువ్వు చెప్పినట్టే చేశాను.

మొదట పోసేది పెద్ద పంపు గుల్ల. ఉయ్యాల కట్టినది. బిడ్డకి వేరే ఉయ్యాల కట్టించి ఇది నా ఇంటికి తెచ్చుకున్నాను, సరిచేసి ఇస్తానని. తలుపు వేసుకున్నాను. ఉలి మొన పెట్టి తోలు లేపాను. ముప్పై ఏళ్ళు దాటిన జిగురు, రాదనుకున్నాను. పట్టీ పట్టీగా ఊడి వచ్చింది. అన్న అతికించినదే. మూల పదునెక్కేదాకా చెక్కాను. ఫోర్‌మాన్ మొహం అప్పుడు ఎలా ఉంటుందో అనుకుంటూ చెక్కాను. కట్టుడు పళ్ళు ఎలా బిగుస్తాయో అనుకున్నాను. నవ్వు వచ్చింది. మూడు పూటలు కడుపునిండా తిన్నాను. ఇన్నేళ్ళలో అంత హాయి ఎరగను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అంతే.

నాలుగో రోజు మౌల్డర్ కూతురు వచ్చింది, అచ్చు ఎప్పుడిస్తారని. గడప దగ్గరే. ఇనుము పోసి, చల్లారాక, గుల్లలో నీళ్ళు బాగా ఒత్తిడి పెట్టి నింపి చూస్తారు. ఆ ఒత్తిడికి పగిలితే ముక్కలు ఎగురుతాయి. అప్పుడు దగ్గరెవరుంటారని అడిగాను.

"నేనే. మా నాన్న నిలబడ్డట్టే. నేను నిలబడకపోతే ఇంకెవరూ దగ్గరికి రారు. చక్రం సంగతి ఈ పేటలో ఎవరూ మర్చిపోలేదు" అంది.

ఆమె వెళ్ళిన తర్వాత చాలాసేపు అచ్చు ఎదురుగా కూర్చున్నాను. కొత్త తోలు కొనుక్కొచ్చి, జిగురు కాచి, మళ్ళీ అతికించి ఇచ్చేశాను. జాలి పడి కాదు వదినా. ఫోర్‌మాన్ మీద నా కక్ష అలాగే ఉంది. పక్కన నిలబడేది ఆయన కాదు, అదీ సంగతి. అప్పుడూ పక్కన నిలబడింది ఆయన కాదు.

నువ్వు రెండుసార్లు అడిగావు. ఇప్పుడు రాస్తాను.

చక్రం అచ్చు కాలలేదు. అంచు కాలింది. కోసింది నేనే.

చక్రం పగిలిన పూటే ఫోర్‌మాన్ నన్ను అచ్చుల గదిలోకి పిలిచాడు. "ఇది కోసి కొలిమిలో వెయ్యి. నీ ఉద్యోగానికి ఢోకా లేదు" అన్నాడు. రంపం చేతికిచ్చాడు. అంచంతా కోశాను. నడిమి దిమ్మె దగ్గరికి వచ్చేసరికి, అంచునుంచి వచ్చే చక్రపు ఆకులు దిమ్మెలో కలిసే మూలలు కనపడ్డాయి. ఆరు ఆకులు, అటూ ఇటూ కలిపి పన్నెండు మూలలు. పన్నెండింటికీ తోలుంది. ఇంక రంపం కదల్లేదు. గోనె కప్పి సైకిలు మీద ఇంటికి తెచ్చాను. కప్పు రేకుల కింద ఉంది. ఇప్పటికీ ఉంది.

చక్రం ఎందుకు పగిలిందో కూడా నాకు తెలుసు. అంత ఇనుము నాలుగు రోజులు ఇసుకలో చల్లారాలి. తీసుకుపోయే లారీ వచ్చి నిలబడిందని ఫోర్‌మాన్ రెండో రోజే ఇసుక విప్పించాడు. ఈల ఊది మరీ విప్పించాడు. నేను కిటికీలోంచి చూశాను.

విచారణ రోజు దిమ్మె తీసుకుని బయల్దేరాను. ఆఫీసు వసారాలో బల్ల మీద కూర్చున్నాను, గోనె ఒళ్ళో పెట్టుకుని. లోపల అన్న గొంతు వినపడుతోంది. "అచ్చు చూపించండి" అన్నాడు. మూడుసార్లు అన్నాడు. తలుపు తోస్తే చాలు. లోపల పదకొండు మంది ఉన్నారు. లేచి వెళ్ళలేదు. భయమో సిగ్గో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. వెనక్కి తెచ్చేశాను. కాల్చేశారని నీకు రాశాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ ఫోర్‌మాన్ కిందే పనిచేశాను.

ఇంక రాయడానికి లేదు.

---

ఆగస్టు 29

పొగగొట్టం సందులో ఉండే మనిషికి,

మూడుసార్లు అన్నాడా? లెక్కపెట్టుకున్నావా?

ఆయన పోయినప్పుడు వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చావు. నా మరిది మెత్తని మనసువాడని అందరికీ చెప్పుకున్నాను. నా చేత్తో నీకు మంచినీళ్ళిచ్చాను. "వేశానే" అని ఆయన అంటుంటే రెండేళ్ళు నేను విన్నాను, నమ్మలేక చచ్చాను. నీ ఇంటి కప్పు కింద పన్నెండు మూలలూ పెట్టుకుని, ఏడాదికి నాలుగు ఉత్తరాలు నా మోకాలు ఎలా ఉందని రాశావు!

ఈలవాడి మీద నా కసి ఈలవాడికుంది. అది తగ్గలేదు. నీది వేరే లెక్క. దీనికింకా పేరు పెట్టలేదు.

క్షమించమని రాయలేదు. ఆ మాత్రం తెలివి మిగిలింది.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ దిమ్మె దించు. ఇనుము పోసేలోపల ఆ పిల్ల ముందు, వాడి ముందు, పేటంతటి ముందు పెట్టు. నోటితో చెప్పు. కాగితం రాసి ఎవరి చేతనో చదివించడం కాదు. వాడేం చేశాడో చెప్పు. నువ్వెక్కడ కూర్చున్నావో, ఎన్నిసార్లు విన్నావో అది కూడా చెప్పు. వాడిది కక్కి నీది మింగావని తెలిసిందా, నేనే బస్సెక్కి వస్తాను. వచ్చి నీది నేను చెప్తాను. నా నోరు ఎంత దూరం వినపడుతుందో నీకు తెలుసు.

చెప్పాక రాయి. చెప్పకపోతే రాయకు.

---

పొగగొట్టం సందు,
అక్టోబర్ 11

వదినకి,

చెప్పాను.

పోయిన ఆదివారం పొద్దున షెడ్డులో సంఘం కూడింది, పోత ఎప్పుడు పెట్టుకోవాలో అనుకోవడానికి. నూట యాభై మంది దాకా ఉంటారు. గోనె భుజాన వేసుకుని వెళ్ళాను. వెనక బెంచీలో కూర్చున్నాను. రెండుసార్లు లేవబోయి కూర్చున్నాను. మూడోసారి పక్కనున్న దర్జీ "ఏం పెద్దాయనా, చీమలు కుడుతున్నాయా?" అని గట్టిగా అడిగాడు. అందరూ నా వైపు తిరిగారు. ఇంక లేచాను.

దిమ్మె బల్ల మీద పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నాది ముందు చెప్పేశాను. వసారా, గోనె, తలుపు, మూడుసార్లు. అది చెప్పాక మిగతాది వచ్చేసింది. ఎవరో "గట్టిగా" అన్నారు. మొదటినుంచీ మళ్ళీ గట్టిగా చెప్పాను.

ఫోర్‌మాన్ కుర్చీలోంచి లేవలేదు. "ముసలితనం. పాత చెక్క ముక్క పట్టుకొచ్చి కథలు చెప్తున్నాడు. ఆ తోలు మొన్న అతికించి ఉంటాడు. వాడి పనే అది" అన్నాడు.

జనం గొణుక్కున్నారు. మౌల్డర్ కూతురు దిమ్మె వైపు చూస్తోంది, నా వైపు చూస్తోంది. ఆమె కళ్ళలో నమ్మకం లేదు.

వదినా, అప్పుడు నాకు ఒక్కటే దారి కనపడింది. పక్క గదిలోంచి పంపు గుల్ల అచ్చు తెమ్మన్నాను. తెచ్చారు. దిమ్మె పక్కన పెట్టించాను.

"మొన్న అతికించిన తోలు ఇలా ఉంటుంది. చూడండి. ఇది నేనే పీకాను, మూల పదును చేశాను, మొదటి పోత పగలాలని. మళ్ళీ ఆగస్టులో అతికించాను. జిగురు తెల్లగా ఉంది. గోరు పెడితే దిగుతుంది. అన్నది చూడండి" అన్నాను.

మౌల్డర్ కూతురు వచ్చింది. ముందు గుల్ల మూలలో గోరు పెట్టింది. దిగింది. తర్వాత చక్రం దిమ్మె. జిగురు రాయి అయిపోయింది. తోలు మీద వేసిన ఎర్ర రంగు చెక్క మీది రంగుతో కలిసి ఒకే పొరగా నెర్రెలిచ్చింది. తోలు, చెక్క ఏది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఒక్కొక్క మూలా వేలితో తడిమింది. పన్నెండూ తడిమింది.

అప్పుడు ముందు వరసలోంచి, ఆ రోజుల్లో క్రేను నడిపిన క్రేను తాత లేచాడు. కళ్ళు కనపడవు ఆయనకి. "చక్రాన్ని రెండో రోజే ఎత్తాం. నేనే ఎత్తాను. సెగకి నా కనుబొమలు కమిలాయి" అన్నాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని ఎవరో అడిగారు.

"నన్నెవరడిగారు?" అన్నాడు.

మౌల్డర్ కూతురు ఫోర్‌మాన్ ముందుకి వెళ్ళి నిలబడింది. "రెండో రోజు విప్పించారా?" అంది.

"పైనుంచి ఒత్తిడమ్మా. నీకు తెలియదు. లారీ నిలబడింది. ఆ రోజుల్లో..."

"మా నాన్న వద్దన్నాడా?"

ఫోర్‌మాన్ జనం వైపు చూశాడు.

"వద్దన్నాడు" అని క్రేను తాత వెనకనుంచి అన్నాడు.

ఆమె కేకలు వేయలేదు. "లేవండి. కుర్చీ సంఘానిది" అంది. ఆయన కర్ర కోసం తడుముకున్నాడు. కర్ర కింద పడింది. ఎవరూ తీసివ్వలేదు. నేనూ తీసివ్వలేదు. తనే వంగి తీసుకున్నాడు. షెడ్డు చివరిదాకా నడవడానికి చాలాసేపు పట్టింది. అందరూ చూస్తూనే ఉన్నారు.

అయిపోయిందనుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"ఆయన మా నాన్నని చంపాడు. మీరు నా చేత ముప్పై ఏళ్ళు తప్పు మనిషిని తిట్టించారు. మొన్న నన్ను కూడా పగలగొట్టబోయారు. అచ్చుల జతలు చెప్పండి, రాసుకుంటాను. ఆ తర్వాత ఈ షెడ్డులోకి రాకండి" అంది.

రెండు రోజులు కూర్చుని అన్నీ చెప్పాను. తొంభై నాలుగు జతలు. ఒక్కటి తప్పు పోలేదు. ఈసారి ఆమె కూర్చోమంది, కానీ నీళ్ళివ్వలేదు.

నీ చిరునామా అడిగి రాసుకుంది.

మరిది.

---

అమ్మాయి ఇల్లు,
నవంబర్ 3

మరిదికి,

ఆ పిల్ల ఉత్తరం రాసింది. నాలుగు పేజీలు. వాళ్ళమ్మ ఉమ్మిన సంగతి కూడా దానికి తెలుసట. వాళ్ళమ్మ లేదు కాబట్టి ఆమె తరఫున తను క్షమాపణ అడుగుతున్నానని రాసింది. చదివి పెద్దగా ఏడ్చాను. అమ్మాయి భయపడి పక్కింటావిణ్ణి పిలుచుకొచ్చింది. ఇద్దరికీ చదివి వినిపించాను. మూడోసారి మీ అన్న ఫొటో ముందు చదివాను, వినపడేట్టు.

మొదటి పోతకి రమ్మని పిలిచింది. మీ అన్న పేరు షెడ్డు తలుపు పైన రాయిస్తారట.

నేను రాను.

ఎందుకో విను. నేను బస్సు దిగగానే నువ్వు నా సంచి అందుకుంటావు. మాట్లాడకుండా వెనక నడుస్తావు. తెల్ల జుట్టు, వంగిన నడుం. ఇంటికెళ్ళాక నా కాళ్ళ దగ్గర కూర్చుంటావు. నా మనసు కరిగిపోతుంది. ముసలిదాన్ని, నాకు నా మీద నమ్మకం లేదు. అది నీకు ఇవ్వదల్చుకోలేదు. నువ్వు నలుగురిలో నోరు విప్పావు, ఒప్పుకుంటాను. కానీ ఆయన పోయిన ఇరవై తొమ్మిదేళ్ళకి విప్పావు.

ఇది నీకు నా చివరి ఉత్తరం. నువ్వు మాత్రం రాయాలి. నెల నెలా మొదటి ఆదివారం. ఎవరికి పని దొరికింది, ఏ ఇంటికి తలుపు పెట్టారు, ఈలవాడు ఎలా ఉన్నాడు, మీ అన్నని ఏమనుకుంటున్నారు, నిన్నేమంటున్నారు. అన్నీ రాయి. ఒక్క అబద్ధం కనపడినా చదవకుండా పొయ్యిలో పెడతాను. నిజమైతే చదువుతాను. జవాబు రాయను. మీ అన్న ఆ గదిలో తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు, ఎవరైనా వస్తారేమో, ఒక్క మాటంటారేమోనని. అలా చూడటం ఎలా ఉంటుందో నీకూ తెలియాలి.

మోకాలు బాగాలేదు. ఇంక అడగకు.

వదిన.

---

పొగగొట్టం సందు,
డిసెంబర్, మొదటి ఆదివారం

వదినకి నమస్కారం.

పోత అయింది. నన్ను రానివ్వరు కాబట్టి గోడ ఇవతల నిలబడ్డాను. పొగ చూశాను. నాలుగు రోజులు షెడ్డుకి తాళం వేసి తాళంచెవి మౌల్డర్ కూతురు తన దగ్గరే పెట్టుకుంది. ఐదో రోజు విప్పారు. తర్వాత నీళ్ళ ఒత్తిడి పెట్టారు. ఆమె పక్కనే నిలబడిందట. చుక్క కారలేదట. దర్జీ పరుగెత్తుకొచ్చి చెప్పాడు.

ఇరవై ఆరు మందికి పని దొరికింది. నలభై అన్నారు, ఇరవై ఆరే. దర్జీ కొడుక్కి దొరికింది. దర్జీకి నడుం నొప్పి పట్టుకుంది. క్వార్టర్ల లైనులో రెండిళ్ళకి తలుపులు పెట్టారు. మనింటికి పెట్టలేదు. కొలిమి వీధిలో కుక్క ఇప్పుడు పక్కకి జరిగి పడుకుంటోంది, సైకిళ్ళు వస్తున్నాయని.

తలుపు పైన అన్న పేరు రాశారు. అక్షరాలు బాగానే ఉన్నాయి. చివరి అక్షరం కొంచెం కిందికి జారింది.

ఈల ఫోర్‌మాన్ టీకొట్టుకి వస్తాడు. ఆయన కూర్చోగానే బెంచీ మీదివాళ్ళు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడతారు. ఎవరూ ఏమీ అనరు. నిలబడి తాగుతారు. బెంచీ మీద ఆయన ఒక్కడే ఉంటాడు. రోజూ వస్తాడు, రోజూ అంతే. చూస్తే నాకు సంతోషం వేయలేదని రాద్దామనుకున్నాను. కానీ నీకు అబద్ధం రాయకూడదు. వేసింది. రెండు రోజులు ఆ వేళకే వెళ్ళి చూశాను.

నిన్న ఆయన రాలేదు. బెంచీ మీద కొత్తగా పనిలో చేరిన మనిషి ఉన్నాడు, వేరే పేటవాడు. మీరెవరని అడిగాడు. ఇన్నేళ్ళూ ఎవరడిగినా ఇక్కడే ఉంటానని చెప్పేవాణ్ణి. నిన్న అచ్చుమేస్త్రి తమ్ముణ్ణని చెప్పాను.

"ఏ మేస్త్రి? పన్నెండు మూలల మేస్త్రా!" అన్నాడు. అన్నని ఇప్పుడు అలా పిలుస్తున్నారు. అవునన్నాను.

ఆయన మొహం వెలిగింది. ఏదో అడగబోయాడు. అంతలో గుర్తొచ్చినట్టుంది. నన్ను ఒకసారి కింది నుంచి పైదాకా చూశాడు. గ్లాసు తీసుకుని లేచి నిలబడ్డాడు.

బెంచీ మీద నేనొక్కణ్ణే కూర్చుని టీ తాగాను. అది కూడా రాయమన్నావు కదా, రాశాను.

మీ మరిది.